ఆరువేల నాలుగొందల యాభై నిలబడ్డానికి, రెండున్నర వేలు కూర్చోడానికి

ముందే చెప్పేస్తాను. మీకు నలభై దాటి, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళమై, వాన వచ్చే ముందు కబురు చెప్పే మోకాలు ఒకటి ఉంటే, కోల్డ్‌ప్లే అనే ఇంగ్లీషు బ్యాండు షోకి గ్రౌండ్‌లో నిలబడే టికెట్టు కొనకండి. స్టేడియంలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా చవకైన సీటు కొనండి. మేం రెండూ కొన్నాం. 2025 జనవరి 21న నవీ ముంబైలో మనిషికి 6,450 రూపాయలిచ్చి ఆరు గంటలు నిలబడ్డాం. నాలుగు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో 2,500 ఇచ్చి కూర్చున్నాం. అదే బ్యాండు, ఇంచుమించు అవే పాటలు, అవే లైట్లు. రెండోదే బాగుంది.

మేం నలుగురం ఇంజనీరింగ్ హాస్టల్ స్నేహితులం. మా హాస్టల్లో ఎవరికీ సొంత పేర్లుండేవి కావు, ఊళ్ళ పేర్లే. నేను తెనాలి. మిగతా వాళ్ళు ఒంగోలు, భీమవరం, పలాస. పాతికేళ్ళయినా ఫోన్లో అవే పేర్లతో సేవ్ అయి ఉన్నాం. 2001లో భీమవరం వాళ్ళ అన్నయ్య ఇచ్చిన కాపీ సీడీలో ఈ బ్యాండు మొదటి ఆల్బమ్ ఉండేది. కరెంటు ఉన్నప్పుడల్లా అదే పెట్టేవాళ్ళం. మాటలు సగం అర్థమయ్యేవి కావు. "ఎల్లో" అన్న మాట మాత్రం అందరికీ అర్థమైంది కాబట్టి అదే మా పాట అయింది.

వీళ్ళు 2016 నవంబర్ 19న ఒకసారి ముంబై వచ్చారు. అప్పటికి నోట్ల రద్దు జరిగి పదకొండు రోజులు. నేను బ్యాంకులో పని చేస్తాను. ఆ రోజుల్లో కోల్డ్‌ప్లే కాదు కదా, మధ్యాహ్నం భోజనానికి లేవడమే గగనం. కౌంటర్ ముందు క్యూ వీధి చివరిదాకా ఉంటే, ఒంగోలు ఫోన్ చేసి "ఏమే, ముంబై వెళ్దామా?" అంది. నేనన్న మాట ఇక్కడ రాయలేను. ఆ బాకీ ఎనిమిదేళ్ళు అలాగే ఉండిపోయింది.

టికెట్ల కథ టూకీగా చెప్తాను, ఎందుకంటే అది గుర్తొస్తే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది. 2024 సెప్టెంబర్ 22, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండు గంటలకి అమ్మకం మొదలైంది. పన్నెండున్నరకి క్యూలో నా ముందు ఐదు లక్షల చిల్లర మంది ఉన్నారు. జీవితమంతా క్యూకి అవతలివైపు కూర్చున్నదాన్ని, ఇవతలివైపు ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. మొదట ప్రకటించిన జనవరి 18, 19 తేదీలు కళ్ళ ముందే అయిపోయాయి. ఆ మధ్యాహ్నమే 21వ తేదీ మూడో షో తెరిచారు. పలాసకి దొరికింది. మనిషికి నాలుగే టికెట్లు, మేమూ నలుగురమే, దేవుడున్నాడు. కానీ దొరికినవి గ్రౌండ్‌లో నిలబడేవి. "నిలబడితే ఏం, ముందుండి చూస్తాంగా" అనుకున్నాం. నవంబర్‌లో అహ్మదాబాద్ షో ప్రకటించినప్పుడు భీమవరం కొడుకు మూడు ఫోన్లు ముందేసుకు కూర్చుని నాలుగు చవక సీట్లు పట్టాడు. వాడికి ఇంటర్ పరీక్షలు ముందున్నాయి. ఆ సంగతి మేమెవ్వరం ఎత్తలేదు.

సెలవు అడిగితే మా అత్తయ్య, "మొన్నేగా సంక్రాంతి అయింది, మళ్ళీ ఏం సెలవులే?" అంది. 25 నాలుగో శనివారం, 26 ఆదివారం, అంటే ఆ రెండూ ఉచితం అని లెక్క చెప్పాను. ఆవిడకి లెక్క నచ్చలేదు గానీ ఒక డబ్బా అరిసెలు, ఒక డబ్బా చక్రాలు కట్టిచ్చింది.

19 తెల్లవారుజామున విజయవాడలో కోణార్క్ ఎక్కి, మర్నాటి తెల్లవారుజామున కల్యాణ్‌లో దిగాం. నవీ ముంబైలో బుక్ చేసుకున్న గది యజమాని అప్పటికే రెండు వారాల ముందు ఫోన్ చేసి "మరమ్మతులు" అని రద్దు చేశాడు. అదే గది రెండో రోజు యాప్‌లో మూడింతల రేటుకి కనిపించింది. మరమ్మతు రేటుకే జరిగినట్టుంది. చివరికి ఖార్ఘర్‌లో ఒంగోలు ఆడపడుచు ఇల్లే దిక్కయింది. ఆవిడ పెట్టిన గోంగూర పచ్చడి, ముద్దపప్పు ఈ మొత్తం ప్రయాణంలో నేను తిన్న అన్నిటికన్నా మంచి భోజనం. దానికి రేటింగ్ ఇస్తే ఆవిడ నవ్వుతుంది కాబట్టి ఇవ్వను.

ఇక ముంబై షో. నెరూల్‌లో డీవై పాటిల్ స్టేడియం. మధ్యాహ్నం మూడున్నరకే గేటు దగ్గరికి వెళ్ళాం, ముందు చోటు దొరకాలని. బయటి తిండి లోపలికి రానివ్వరని తెలుసు, కానీ భీమవరం బ్యాగులో అరిసెల పొట్లం ఉండిపోయింది. సెక్యూరిటీ అమ్మాయి పొట్లం విప్పి, వాసన చూసి, ఇదేంటని అడిగింది. భీమవరం తన హిందీలో "పండగ స్వీట్, బెల్లం, చావల్" అని చెప్పి ఒకటి ఆ పిల్ల చేతిలో పెట్టింది. అయినా రానివ్వలేదు. క్యూలో ముందూ వెనకా ఉన్నవాళ్ళకి పంచాం. కోల్డ్‌ప్లే గేటు దగ్గర అత్తయ్య అరిసెలు తిన్న గుజరాతీ కుర్రాళ్ళు ఇద్దరు "ఆంటీ, ఇవి ఎక్కడ దొరుకుతాయి?" అని కూడా అడిగారు.

లోపలికి వెళ్తూ ఉండగానే మణికట్టుకి ఒక తెల్ల పట్టీ ఇస్తారు. అందులో చిన్న బల్బులుంటాయి. దూరం నుంచి సంకేతాలు పంపి పాటకి తగ్గట్టు అందరి పట్టీల రంగూ మారుస్తారు. 2012 టూర్ నుంచి వీళ్ళకి ఈ అలవాటు. షో అయ్యాక తిరిగిచ్చేయాలి, మళ్ళీ వాడతారు. ఈ పట్టీ గురించి గుర్తుపెట్టుకోండి, నా గొడవంతా దీని గురించే.

స్టేజీకి దగ్గరగానే నిలబడ్డాం. ఒక గంట బాగానే ఉంది. మెయిన్ షోకి ముందు షోన్, జస్‌లీన్ రాయల్, ఎలియానా అనే గాయనులు పాడారు. ఎలియానా గొంతు విని పలాస ఫోన్ తీసి ఆమె పేరు రాసుకుంది. మెయిన్ షో మొదలయ్యేసరికి నా ముందు ఆరడుగుల కుర్రాడు, వాడి భుజాల మీద వాడి స్నేహితురాలు. పక్కన నాలుగు ఫోన్లు ఆకాశంలోకి. నేను బ్యాండులో ముందుండి పాడే క్రిస్ మార్టిన్‌ని చూశాను, అబద్ధం చెప్పను. ఒక ఫోన్ స్క్రీన్‌లో, మూడు అంగుళాల మనిషిగా చూశాను. 6,450 రూపాయలకి ఇంకొకరి ఫోన్లో. నా చుట్టూ చేతుల మీద పట్టీలు వెలుగుతున్నాయి గానీ నాకు కనిపించేవి పది పన్నెండు చేతులే. పెళ్ళి పందిట్లో సీరియల్ సెట్ల మధ్య నిలబడితే పందిరి ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? రోడ్డు మీంచి చూసేవాడికి తెలుస్తుంది.

సగానికి నా మోకాలు చేతులెత్తేసింది. "మీరుండండే, నేను వెనక్కి పోతాను" అంటే ముగ్గురూ నా వెంటే వచ్చేశారు. వాళ్ళవీ అవే మోకాళ్ళు, నేను ముందు ఒప్పుకున్నానంతే. వెనక్కి నడిస్తే గాలి ఉంది, జాగా ఉంది. కింద కూర్చుని కాళ్ళు చాపుకున్నాం. అప్పుడు జరిగింది అసలు తమాషా. ఈ టూర్‌లో పెద్ద స్టేజీ కాకుండా, జనం వెనక వైపు ఒక చిన్న వేదిక కూడా ఉంటుంది. కొన్ని పాటలకి బ్యాండులో నలుగురూ అక్కడికి వచ్చేస్తారు. ముందు చోటు కోసం నాలుగు గంటలు కాళ్ళు అరగదీసుకున్నవాళ్ళు అక్కడే ఉండిపోయారు, ఓడిపోయి వెనక్కి వచ్చిన మా దగ్గరికి బ్యాండే వచ్చింది. ఒంగోలు ఏడ్చేసింది. తర్వాత దుమ్ము పడిందని చెప్పింది. గ్రౌండ్ టికెట్టే దొరికిందంటే మాత్రం ఈ ఒక్క కిటుకు వాడండి: ముందుకి తోసుకోకుండా వెనక చిన్న వేదిక దగ్గర నిలబడండి.

ఇంకో మాట. చెవులకి మెడికల్ షాపులో దొరికే స్పాంజి బిళ్ళలు పెట్టుకెళ్ళండి. స్పీకర్లకి దగ్గరగా ఉంటే అవి లేకుండా మర్నాడంతా చెవిలో ఈల మోగుతుంది. పలాస పెట్టుకోలేదు. మర్నాడు దానికి ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

23న పొద్దున్నే ముంబై సెంట్రల్‌లో వందే భారత్ ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి అహ్మదాబాద్. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, టైముకి వెళ్ళింది. పప్పు తీయగా ఉందని భీమవరం అలిగింది, అంతే. గుజరాత్‌లోకి వెళ్ళాక అలగడం మానేసింది, అన్నీ తీయగానే ఉన్నాయి కాబట్టి.

అహ్మదాబాద్‌లో పాత ఊరి సందులో ఒక ఇంటి మేడ మీద గది తీసుకున్నాం. ఆ సందుల్ని పోల్ అంటారు. చెక్క చెక్కడాల బాల్కనీలు, తలలు తగిలేటంత దగ్గరగా ఇళ్ళు. మనకి సంక్రాంతి అయినప్పుడే వాళ్ళకి ఉత్తరాయణ్, గాలిపటాల పండగ. పది రోజులైనా ప్రతి చెట్టు మీదా, ప్రతి కరెంటు తీగ మీదా చిరిగిన గాలిపటాలు వేలాడుతున్నాయి. గది ఇచ్చినాయన ఫొటోల్లో లిఫ్ట్ ఉంది, ఇంట్లో లేదు. అడిగితే "పక్కింటిది" అన్నాడు. మోకాలికి మళ్ళీ పని. కానీ మేడ మీద నుంచి కనిపించే ఆ పటాలు చూసి క్షమించేశాను.

రాత్రి మానెక్ చౌక్ వెళ్ళాం. పగలు బంగారం కొట్లు, రాత్రి అవి మూసేశాక అదే జాగాలో తిండి బళ్ళు. ఘూఘరా శాండ్‌విచ్ అని పచ్చిమిర్చి, ఉల్లిపాయ, క్యాప్సికమ్ కూరి, పైన జున్నులా చీజ్ తురిమి ఇస్తారు. అది నాకు నచ్చింది. దోశ మాత్రం వద్దు. వెన్న ముద్ద వేసి, చీజ్ కొండ పోసి, ముక్కలు కోసి ఇచ్చారు. పలాస దాన్ని చూసి "ఇది దోశ కాదే, దుప్పటి" అంది. అయినా మొత్తం తిన్నాం.

25 సాయంత్రం. ఊళ్ళోంచి స్టేడియానికి కారులో వెళ్దామని భీమవరం, మెట్రోలో వెళ్దామని నేను. నేను గెలిచాను, అదే మంచిదైంది. ఘీకాంటాలో ఎక్కి, సబర్మతి దాటి ఓల్డ్ హైకోర్టులో రైలు మారి, మోటేరా స్టేడియం స్టేషన్లో దిగడమే. షోల కోసం రాత్రి పన్నెండున్నర దాకా రైళ్ళు నడిపారు. తిరుగు ప్రయాణానికి 50 రూపాయల కాగితం టికెట్టు విడిగా పెట్టారు, ఎక్కడ దిగినా అదే రేటు. వెళ్ళేటప్పుడే తిరుగు టికెట్టు కొనేసుకున్నాం. లక్షకి పైగా జనం ఒకేసారి బయటికి వచ్చిన రాత్రి, చిల్లర కోసం, క్యూ కోసం తన్నుకోకుండా ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళిపోవడం అంటే ఏమిటో బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. ఈ ప్రయాణంలో నేను ఐదుకి ఐదు చుక్కలు ఇచ్చేది ఆ కాగితం ముక్కకే.

ఇక ఆ సీటు. నరేంద్ర మోదీ స్టేడియంలో 1,32,000 మంది పడతారు. మాది పై అంతస్తు, వెనక వరసలు. మెట్లు ఎక్కేటప్పుడు నేను మూడుసార్లు ఆగాను. పైకి చేరాక వెనక్కి తిరిగి చూస్తే గుండె ఝల్లుమంది. మధ్యలో ఒక్క స్తంభం అడ్డం లేదు. మామూలు స్టేడియాల్లో ఉండే పెద్ద లైటు స్తంభాలు కూడా లేవు, లైట్లన్నీ పైకప్పు అంచు చుట్టూ వడ్డాణంలా ఉంటాయి. స్టేజీ మీద మనిషి మాత్రం ఆవగింజంత. ఆ సంగతి దాచను. క్రిస్ మార్టిన్ వచ్చాడో, స్టేజీ ఊడ్చేవాడు వచ్చాడో పెద్ద తెర చూస్తే గానీ తెలియదు. ఇంకోటి, అంత దూరానికి తెర మీద పెదవులు ముందు కదులుతాయి, పాట తర్వాత వస్తుంది. శబ్దం సెకనుకి 340 మీటర్లు అని ఫిజిక్స్‌లో చదివింది ఆ రోజు కళ్ళతో చూశాం. రెండు పాటలయ్యాక అలవాటైపోయింది.

కానీ ఆ పట్టీలు! లైట్లు ఆర్పారు. కింద గ్రౌండ్, చుట్టూ మూడు వైపులా మెట్లు, ఎదురుగా అంత దూరాన ఉన్న వరసలు, అన్నీ ఒక్కసారి వెలిగాయి. ఎరుపు ఒక అలలా ఇటు నుంచి అటు వెళ్ళింది, నీలం అటు నుంచి వచ్చింది. "ఎల్లో" మొదలవగానే లక్ష చేతులు పసుపయ్యాయి. పూతకొచ్చిన ఆవచేను మీద గాలి వీచినట్టు. మా నాలుగు చేతులూ అందులో ఉన్నాయి. ముంబైలో నేను ఆ చేనులో ఒక మొక్కని, పక్క మొక్క తప్ప ఏమీ కనిపించలేదు. ఇక్కడ గట్టు మీద కూర్చున్న రైతుని. ఎవరూ లేచి నిలబడలేదు, నిలబడినా మెట్ల వాలుకి ముందువాళ్ళ తల అడ్డం రాదు. చలికి శాలువా కప్పుకుని, కాళ్ళు కాస్త ముందుకి జాపుకుని, 2001 హాస్టల్ పాటని మొత్తం విన్నాను. పలాస నా చెయ్యి పట్టుకుంది. రెండు పట్టీలు పక్కపక్కనే వెలిగాయి.

రెండు షోలు చూడ్డంలో ఒక నష్టం కూడా ఉంది. మనసులోంచి వచ్చాయనుకున్న మాటలు కొన్ని రెండో ఊళ్ళోనూ అదే చోట వస్తాయి. ఒక పాట మధ్యలో ఆపి, "ఈ ఒక్కదానికి ఫోన్లు లోపల పెట్టేయండి" అంటాడు. ముంబైలో ఒళ్ళు పులకరించింది. అహ్మదాబాద్‌లో ఆపబోతున్నాడని ముందే తెలిసి భీమవరం నన్ను మోచేత్తో పొడిచింది. ముంబైలో మరాఠీ ముక్కలు, ఇక్కడ గుజరాతీ ముక్కలు. మా చిన్నప్పుడు హరికథ చెప్పే దాసుగారు తెనాలిలో చెప్పిన పిట్టకథే పొన్నూరులోనూ చెప్పేవారు, ఊరి కరణం పేరు ఒక్కటే మార్చేవారు. నవ్వు రెండు చోట్లా వచ్చేది. అంచేత ఇది తప్పని నేననను. కాకపోతే రెండోసారికి పాట మీద కన్నా జనం మీద చూపు పోతుంది, దానికి కూడా పై సీటే నయం.

గుజరాత్‌లో మద్యం లేదు కదా. దాని వల్లో ఏమో, తిరిగి వచ్చే దారిలో తోపులాట తక్కువ, పిల్లల్ని ఎత్తుకున్న కుటుంబాలు ఎక్కువ. లోపల తిండి మాత్రం దండగ. ఒక స్టాల్‌లో చల్లారిన సమోసాలు కొని, మిగిలిన చక్రాలు గదిలో ఎందుకు వదిలొచ్చామా అని ఏడ్చాం.

26 రాత్రి నవజీవన్‌లో తిరుగు ప్రయాణం. చెన్నై వెళ్ళే బండి, విజయవాడ మీదుగా. అదే రాత్రి రెండో అహ్మదాబాద్ షోని హాట్‌స్టార్‌లో లైవ్ ఇచ్చారు. అంటే స్టేషన్లో సామాన్ల మీద కూర్చుని, తర్వాత బెర్తుల మీద, మూడో షో కూడా చూశాం, టికెట్టు లేకుండా. జనంలో బుమ్రా కనిపించాడు, అతని మీద క్రిస్ మార్టిన్ అప్పటికప్పుడు పాట కట్టాడు. ఇది పిట్టకథ కాదు, మా రెండు షోల్లోనూ లేదు. పలాస కుళ్ళుకుంది. రైలు ఊరు దాటాక సిగ్నల్ పోతూ వస్తూ, పాట తునకలు తునకలుగా వచ్చింది. కింది బెర్తులో నెల్లూరు పెద్దాయన ఒకరు చాలాసేపు ఓపిక పట్టి, "ఏమ్మా, మ్యాచ్ ఎవరు గెలిచారు?" అని అడిగారు. భీమవరం "మనమే బాబాయ్" అంది. ఆయన అటు తిరిగి పడుకున్నారు.

లెక్క కావాలనే వాళ్ళకి: రైళ్ళు, గది, తిండి, రెండు టికెట్లు అన్నీ కలిపి మనిషికి ఇరవై రెండు వేల చిల్లర అయింది. ఖార్ఘర్ ఆడపడుచు లేకపోతే ఇంకో ఏడెనిమిది వేలు. ఆటోల లెక్కలో ఒంగోలు నాకు ఇంకా 340 రూపాయలు బాకీ. పైగా ముంబైలో అందరం పట్టీలు తిరిగిచ్చేస్తే ఒంగోలు మాత్రం తనది ఇవ్వలేదని వరంగల్ దాటాక తెలిసింది, చీరల మధ్య చుట్టి పెట్టుకుంది. ఎంత నొక్కినా వెలగలేదు.